వేషం మార్చుకోవడం వేరు, వేషం ఎంచుకోవడం వేరు: పద్యనాటకం అమ్మాయిలకూ, జెండర్ గీతల్లో ఇమడని పిల్లలకూ ఏమివ్వగలదు

"మన రంగస్థలం మీద ఆడ, మగ పట్టింపు ఎప్పుడూ లేదు. స్థానం వారిని చూడండి, వేదాంతం వారిని చూడండి" అనే మాట నాటకాల సభల్లో తరచూ వినపడుతుంది. అందులో సగమే నిజం. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు (1902–1971) శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా తెలుగునాడంతా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడి సత్యభామగా ప్రసిద్ధులైన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో అదే గౌరవం దక్కింది. మగవాడు ఆడవేషం కట్టడాన్ని మన సమాజం నెత్తిన పెట్టుకుంది.

కానీ ఆ కాలంలోనే కూచిపూడి మేళంలో ఆడపిల్లకు చోటు లేదు. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది ఆచారం. అదే ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు అలాంటి ఆచారం ఏదీ లేదు. గోదావరి జిల్లాల్లో దేవదాసీ సంప్రదాయానికి చెందిన కలావంతుల మేళాల్లో స్త్రీలే భామాకలాపం (సత్యభామ కథను ఆడే నృత్యనాటకం) ఆడేవారు. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం, దానికి ముందూ వెనకా నడిచిన సంస్కరణ ప్రచారం వాళ్ల ఆటను మూలకు నెట్టాయి. ఇటు కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక కుటుంబాలు ఇంటి ఆడవాళ్లతోనే ఆడపాత్రలు వేయించాయి. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక అమ్మాయిలు కూచిపూడిలోకి పెద్ద సంఖ్యలో వచ్చారు. ఇప్పుడు హైదరాబాదులోనైనా, అమెరికా తెలుగు సంఘాల వేదికల మీదైనా కృష్ణుడి కిరీటం చాలాసార్లు అమ్మాయి తలమీదే ఉంటుంది.

అంటే ఇక్కడ రెండు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. వేషం మార్చుకునే వీలు ఒకటి, ఏ వేషం కట్టాలో తానే ఎంచుకునే వీలు మరొకటి. మొదటిది మన రంగస్థలం కొందరు మగవాళ్లకు ధారాళంగా ఇచ్చింది. రెండోది పిల్లలెవరికీ పెద్దగా ఇవ్వలేదు. అమ్మాయిలకూ, "మగపిల్లాడిలా ఉంటుంది", "ఆడపిల్లలా నడుస్తాడు" అని వెక్కిరింతలు పడే పిల్లలకూ నాటకం నిజంగా మేలు చేయాలంటే ఇవ్వాల్సింది ఆ రెండోదే.

సంప్రదాయం ఒప్పుకోదని అడ్డుపడే పెద్దలకు చూపించడానికి నాట్యశాస్త్రమే ఉంది. నటుడికీ పాత్రకూ ఉండే సంబంధాన్ని భరతుడు మూడు రకాలుగా చెప్పాడు. నటుడి లింగం, వయసు పాత్రతో సరిపోతే అనురూప. పిల్లలు ముసలి పాత్రలు, ముసలివాళ్లు పిల్లల పాత్రలు వేస్తే విరూప. మగవాడు స్త్రీగా, స్త్రీ మగవాడిగా నటిస్తే రూపానుసారిణి. ఇందులో రెండు దిశలూ ఉన్నాయి. మన ఆచరణ ఒక దిశనే ఉంచుకుని రెండోదాన్ని వదిలేసింది.

నాటకంగా విరాటపర్వమే ఎందుకు

భామాకలాపం గొప్ప ఆట. నాయిక తెర వెనకనుంచి జడ ముందుకు వేసి, తన పేరు తానే చెప్పుకుంటూ ప్రవేశించడం పన్నెండేళ్ల అమ్మాయికి దొరికే అరుదైన అనుభవం. అందులో మాధవి పాత్ర మరీ విచిత్రం. సూత్రధారుడే సత్యభామ దగ్గర మాధవి అనే చెలికత్తె, కృష్ణుడి దగ్గర మాధవుడనే చెలికాడు. అయితే కలాపానికి ఏళ్ల తరబడి నాట్యశిక్షణ కావాలి. పైగా కథ భామ గర్వభంగంతో ముగుస్తుంది. కొత్తగా మొదలుపెట్టే బృందానికి తిక్కన విరాటపర్వం మేలు.

ఆ పర్వంలో అందరివీ వేషాలే. రాజు కంకుభట్టు, భీముడు వంటవాడు వలలుడు, మహారాణి సైరంధ్రి, గాండీవధారి నాట్యం నేర్పే బృహన్నల. అల్లెతాటి దెబ్బల మచ్చలు కనపడకుండా చేతినిండా గాజులు వేసుకున్న అర్జునుడు అందులో ఉన్నాడు. పనిచేసే చోట వేధింపు ఎదురై, నిండు సభలో న్యాయం అడిగి, దొరకక, రాత్రివేళ వంటశాలకు వెళ్లి భీముణ్ణి లేపిన ద్రౌపది ఉంది. వీటన్నిటికంటే పిల్లలకు ఎక్కువ పనికొచ్చేవాడు ఉత్తరకుమారుడు. అంతఃపుర స్త్రీల ముందు కోతలు కోసి, కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తిన కుర్రవాడు. "ఉత్తరకుమార ప్రగల్భాలు" అని ఇప్పటికీ అంటాం. మగతనం కూడా అతను కట్టిన వేషమేనని, అది అతనికి సరిపోలేదని పాఠం చెప్పనక్కర లేకుండానే అబ్బాయిలకు తెలిసిపోతుంది. అతన్ని పట్టి తెచ్చి, పగ్గాలు చేతికిచ్చి, భయం పోగొట్టింది బృహన్నల. మొత్తం ఆడితే తెల్లవారుతుంది. సభలో ద్రౌపది, వంటశాల, ఉత్తరుడి కోతలు, జమ్మిచెట్టు దగ్గర సన్నివేశం అనే నాలుగు ఘట్టాలు తీసుకుంటే 40 నిమిషాల ఆట వస్తుంది.

మొదటి నాలుగు వారాలు పాత్రలు ఇవ్వకండి

11 నుంచి 17 ఏళ్ల పిల్లలు 14–16 మంది, నేర్పేవాళ్లు కనీసం ఇద్దరు (అందులో ఒకరు స్త్రీ), ఒక హార్మోనియం, ఒక మృదంగం లేదా తబలా ఉంటే చాలు. వారానికి రెండు రోజులు, రెండేసి గంటల చొప్పున 12 వారాలు, అంటే 48 గంటలు. ఇందులో మొదటి 16 గంటలు ఎవరికీ పాత్ర ఉండకూడదు. దాదాపు అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. మొదటి రోజే "నువ్వు పొడుగ్గా ఉన్నావు, భీముడివి; నీ గొంతు సన్నగా ఉంది, రాకుమారి ఉత్తరవి" అని పంచేస్తారు. బడిలో, వీధిలో ఆ పిల్లలకు అప్పటికే అంటించిన చీటీనే మళ్లీ అంటించినట్టవుతుంది.

ఆ నాలుగు వారాలు చేయాల్సింది ఒంటి పని, గొంతు పని. నాట్యశాస్త్రం నిలబడే తీరులను స్థానాలంటుంది. పురుషులకు ఆరు: వైష్ణవం, సమపాదం, వైశాఖం, మండలం, ఆలీఢం, ప్రత్యాలీఢం. స్త్రీలకు మూడు: ఆయతం, అవహిత్థం, అశ్వక్రాంతం. ఈ తొమ్మిదీ అందరికీ నేర్పండి, ఏది ఎవరిదో చెప్పకుండా. పాదాల మధ్య దూరాన్ని శాస్త్రం తాళాల్లో చెబుతుంది. తాళమంటే బొటనవేలి కొస నుంచి నడిమివేలి కొస దాకా, సుమారు ఒక జాన. వైష్ణవంలో పాదాల మధ్య రెండున్నర తాళాలు. ఆలీఢంలో ఒక కాలు వంచి కుడిపాదాన్ని అయిదు తాళాలు ముందుకు చాపాలి. ప్రతి పిల్లా తన జానతో తానే నేలమీద సుద్దగీత గీసుకోవాలి. చిన్నచేయి ఉన్నవాళ్లకు చిన్న ఆలీఢం, పెద్దచేయి ఉన్నవాళ్లకు పెద్దది. కొలత ఎవరి ఒంట్లోంచి వాళ్లకే వస్తుంది.

రెండు ఇబ్బందులు కచ్చితంగా ఎదురవుతాయి. చిన్నప్పటినుంచీ "కాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చో" అని విన్న అమ్మాయిలు ఆలీఢంలో మూడు తాళాల దగ్గరే ఆగిపోతారు. కండరం బిగిసి కాదు, సిగ్గుతో. కేకలేస్తే ఇంకా దగ్గరకు లాక్కుంటారు. అద్దం లేని గదిలో, అందరూ ఒకే గోడవైపు తిరిగి, 8 మాత్రలు లెక్కపెట్టేదాకా నిలబడితే రెండు వారాల్లో కాలు సాగుతుంది. అబ్బాయిలు అవహిత్థం దగ్గర నవ్వుతారు. ఆ నవ్వు గదిలో ఉన్న ఏదో ఒక పిల్లవాడికి ముల్లులా గుచ్చుకుంటుంది. నేర్పేవాళ్లు ఆ స్థానాన్ని తామే శ్రద్ధగా, చమత్కారం లేకుండా చేసి చూపాలి. నవ్వు ఆపడానికి ఉపన్యాసం కంటే అదే బాగా పనిచేస్తుంది.

గొంతు సంగతి

పద్యనాటకంలో అధికారమంతా గొంతులో ఉంటుంది. అమ్మాయి మగపాత్ర వేస్తే జరిగే పెద్ద పొరపాటు, మగవాడిలా వినపడాలని శ్రుతి దించేయడం. హార్మోనియం లెక్కలో అయిదు శ్రుతిలో హాయిగా పాడే పిల్లను ఒకటిన్నరకు దింపితే కింది స్వరాలు గాలిగా పోతాయి, వారం తిరిగేలోపు గొంతు బొంగురుపోతుంది. నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్య ఆ పిల్లకు కుదిరిన శ్రుతిలోనే ఉంచండి. గాంభీర్యం శ్రుతిలోంచి రాదు. మాటల మధ్య విరామంలోంచి, హల్లుల బరువులోంచి, పాదం చివర ఊపిరి మిగిలి ఉండటంలోంచి వస్తుంది.

గొంతు మారే వయసు పిల్లలకు శ్రుతి రెండు వారాలకోసారి చూసుకోవాలి. పగిలే గొంతుతో రాగం తీయించకుండా ఆ నెలల్లో వచనం ఇవ్వండి. గొంతు బొంగురుపడటం తమ ఒంటిమీద తమకు నచ్చని మార్పుగా తోచే పిల్లలు ఉంటారు. అలాంటివాళ్లను "ఇప్పుడు మగాడివయ్యావు" అని మెచ్చుకోవడం కూడా నొప్పే.

పద్యం నేర్పే వరుసకు ఒక్క ఉదాహరణ. కీచకుడితో ద్రౌపది చెప్పే "దుర్వారోద్యమ" శార్దూలం తీసుకోండి. పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం యతి. మొదటి పాదం "స్ఫుర" దగ్గర ముగుస్తుంది, మాట మాత్రం ముగియదు, తర్వాతి పాదంలో "ద్గర్వాంధ" అని సాగుతుంది. పిల్లలు పాదం చివర ఊపిరి తీసుకుంటారు, అర్థం రెండు ముక్కలవుతుంది. 17వ అక్షరం దగ్గర, "ప్రతాప" తర్వాత చిన్న ఊపిరి తీసుకుని, అక్కడినుంచి "మత్పతుల్" దాకా 21 అక్షరాలు ఒక్క ఊపిరిలో చెప్పాలి. ముందు ప్రతిపదార్థం, తర్వాత రాగం లేని చదువు, తర్వాత చప్పట్లతో గణాలు, ఆఖరున రాగం. పేరుమోసిన నటుల రికార్డింగులు మొదటి నెలలో వినిపించకండి. పిల్లలు పద్యాన్ని వదిలేసి ఆ ఆలాపనను పట్టుకుంటారు. పాదం చివరి రాగం ఎనిమిది సెకన్లు దాటకుండా చూడండి.

ఆ పద్యం గురించి పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. ద్రౌపది కీచకుణ్ణి తన భర్తల బలం చెప్పి బెదిరిస్తుంది కదా, తన బలం ఏది అని. జవాబు వంటశాల ఘట్టంలో ఉంది. నిద్రపోతున్న బలాన్ని లేపి నడిపించింది ఆమె నిర్ణయమే. ఈ చర్చకు ఒక పూట కేటాయించినా నష్టం లేదు.

ఇంకొకటి. పద్యం బాగుంటే "వన్స్ మోర్" అనడం మన ప్రేక్షకుల అలవాటు. మళ్లీ పాడటం, పాడకుండా చేతులు జోడించి ముందుకు సాగడం రెండూ నటుల ఇష్టమేనని పిల్లలకు ముందే చెప్పి, రెండూ సాధన చేయించండి. వెయ్యిమంది అడిగినా కాదనవచ్చని ఒక అమ్మాయికి నేర్పగలిగే చోట్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయి?

ఎవరికి ఏ పాత్ర

అయిదో వారంలో ప్రతి ఒక్కరూ చీటీమీద మూడు పాత్రలు రాసివ్వాలి: వేయాలనుకున్నది, వేయడానికి భయపడేది, అసలు వద్దనుకున్నది. మూడోదాన్ని కారణం అడగకుండా గౌరవించాలి. రెండోదాని గురించి విడిగా మాట్లాడాలి. చాలాసార్లు భయపడిన పాత్రే అసలు కోరిక.

మంచి మనసుతో చేసే పెద్ద తప్పు ఇక్కడే ఉంది: నడకలోనో మాటలోనో తేడాగా కనిపించే పిల్లవాడికి తిన్నగా బృహన్నల ఇచ్చేయడం. ప్రదర్శన అయిన మర్నాటినుంచి బడిలో ఆ పేరు తిట్టుగా వెంటపడుతుంది. బృహన్నలను ఒకరికే కట్టబెట్టకండి. అంతఃపురంలో ఒకరు, కవచం తలకిందులుగా తొడుక్కుని అమ్మాయిలను నవ్వించేటప్పుడు ఒకరు, జమ్మిచెట్టు దగ్గర ఇంకొకరు వేయాలి. ఒకే ఉత్తరీయం చేతులు మారితే పాత్ర మారిందని ప్రేక్షకులు ఇట్టే పోల్చుకుంటారు. నపుంసకుడనే అర్థంలో "పేడి" లాంటి పాతమాట వస్తే గుట్టుగా కొట్టేయకండి. గ్రంథంలో అది ఎలా వచ్చిందో, ఇప్పుడు వీధిలో దానికి ఏ అర్థం ఉందో మాట్లాడి, ఉంచాలా మార్చాలా అన్నది బృందమే తేల్చుకోవాలి. బృహన్నలను హాస్యగాణ్ణి చేసి ఈలలు కొట్టించుకునే పద్ధతి మాత్రం వద్దు. నవ్వు ఉత్తరుడి కోతల్లోంచి రావాలి, బృహన్నల నడకలోంచి కాదు.

పిలుపుల విషయంలో తెలుగు మనకు కొంత సాయం చేస్తుంది. "వచ్చాను" అన్నా "వచ్చావు" అన్నా ఆడో మగో తెలియదు. నాటకంలో మాటలు ఎక్కువగా ఈ రెండు పురుషల్లోనే నడుస్తాయి. చిక్కల్లా మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు వస్తుంది: వచ్చాడు, వచ్చింది. ఆ "వచ్చింది" బస్సుకూ, బర్రెకూ, అమ్మాయికీ ఒకటే. అందుకని రిహార్సల్ గదిలో అందరికీ "తను", "వచ్చారు" వాడటం అలవాటు చేస్తే రెండు చిక్కులూ తీరతాయి. ఒరేయ్, ఒసేయ్ బదులు పాత్రపేరుతో పిలవండి. "నాన్నా", "కన్నా" మన ఇళ్లలో ఏ బిడ్డకైనా సరిపోయే పిలుపులే.

ఆహార్యంలో (దుస్తులు, రంగుల్లో) జాగ్రత్తలు

మగపాత్ర వేసే అమ్మాయిలు ఎద బల్లపరుపుగా కనపడాలని క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టుకుంటారు. అలా చేయనివ్వకండి. పక్కటెముకలు నొక్కుకుపోతాయి, పద్యానికి కావాల్సిన లోతైన ఊపిరి ఆడదు, కళ్లు తిరుగుతాయి. అంచు గట్టిగా ఉన్న ఉత్తరీయం ఎదమీదుగా అడ్డంగా వేసి, అట్ట కవచం, రెండు పొడవాటి హారాలు పెడితే ఆకారం దానంతటదే మారుతుంది. పంచె కింద ముదురురంగు బిగుతు లాగు తప్పనిసరి. నెలసరి రోజుల్లో తెల్లపంచె కట్టమంటే ఆట మానేసే అమ్మాయిలు ఉంటారు. ఆ మాట ఎవరూ పైకి చెప్పరు కనుక రంగు పంచెలే ఎంచుకోండి. వేదిక దగ్గర గడియపడే మరుగుదొడ్డి ఉందో లేదో హాలు మాట్లాడుకునే ముందే చూసుకోవాలి. వేషం మార్చుకోవడానికి ఆడ, మగ గదులు రెండే కాకుండా తెరకట్టిన చిన్న చోటు ఒకటి, ఒక్కొక్కరు వెళ్లి వచ్చేలా ఉండాలి. ఎవరు దాన్ని ఎందుకు వాడుకుంటున్నారని అడగకూడదు.

పాతకాలపు పసుపుపచ్చ రంగు అరిదళంలో ఆర్సెనిక్ ఉంటుంది, పిల్లల ముఖానికి అది వద్దే వద్దు. ఏ రంగైనా మోచేతి మడతలో రాసి ఒకరోజు చూసి వాడండి. జిగురుతో అంటించే మీసం కంటే పెన్సిల్ మీసం నయం. మీసం ప్రదర్శనరోజున మొదటిసారి పెడితే ఆ పిల్ల అద్దం చూసుకుని నవ్వుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, పద్యం పోతుంది. మూడు వారాల ముందునుంచే రిహార్సల్‌కు మీసంతో రావాలి.

సభలో తన్నే ఘట్టం

విరాటుడి కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నడం ఈ ఆటలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు, ఒంటికీ మనసుకూ కూడా. ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం తగ్గకూడదు, ఎవరూ ఎవరినీ తాకకూడదు. అదును ద్రౌపది చేతిలో ఉండాలి. ఆమె అరచేయి నేలకు ఆనించడం సైగ. ఆ సైగ చూసి మృదంగం దెబ్బ, ఆ దెబ్బ విని కీచకుడి కాలు. దెబ్బ తినే పాత్రధారే అంతా నడుపుతుంటే దెబ్బ నిజంగా తగలదు, భయమూ ఉండదు. కీచకుణ్ణి ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి వేయాలి, అందులో అమ్మాయిలూ ఉండాలి. ప్రతి రిహార్సల్ చివర వేషాలు విప్పి, ఎవరి పేర్లతో వాళ్లను పిలిచి, ఇద్దరూ కలిసి మంచినీళ్లు తాగాకే ఇంటికి పంపండి.

ఈ ఘట్టం తర్వాత ఏ బిడ్డయినా "నాకూ ఇలా జరిగింది" అని చెప్పవచ్చు. అప్పుడు గుచ్చిగుచ్చి అడగకూడదు, అందరి ముందూ మాట్లాడించకూడదు, ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసినవాళ్లు పోలీసులకు తెలపాల్సిందే. పిల్లల సహాయవాణి 1098. ఆ నంబరు మొదటి రోజునుంచే గోడమీద ఉండాలి.

ఇంటివాళ్లతో

అమ్మానాన్నలకు ఆట గురించి చెప్పండి, పిల్లల గురించి కాదు. "మీ అమ్మాయి భీముడు వేస్తోంది, 12 పద్యాలు నేర్చుకుంది" అంటే చాలు. రిహార్సల్‌లో ఒక బిడ్డ తనను తాను వేరే పేరుతో చెప్పుకుంటే ఆ సంగతి ఇంటికి చేరవేసే హక్కు మనకు లేదు. చేరితే చదువు మాన్పించడం దాకా పోవచ్చు. కరపత్రంలో ఏ పేరు అచ్చువేయాలో, ఇంటికి తీసుకెళ్లే సర్టిఫికెట్‌మీద ఏ పేరుండాలో రెండూ విడివిడిగా అడగాలి.

"ఇలాంటివి వేస్తే రేపు ఏమవుతారు" అన్న భయానికి జవాబుగా సుప్రీంకోర్టు 2014లో జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) కేసులో ఇచ్చిన తీర్పు గురించి చెప్పవచ్చు. తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు మనిషిదేనని ఆ తీర్పు గుర్తించింది. అంతకంటే బాగా పనిచేసేవి మనుషుల పేర్లు. మధురైలో పుట్టిన ట్రాన్స్ మహిళ, భరతనాట్య కళాకారిణి నర్తకి నటరాజ్ 2019లో పద్మశ్రీ అందుకున్నారు. పక్క కర్ణాటకలో జోగతి ఆట అనే జానపద నృత్యం ఆడే ట్రాన్స్ మహిళ మంజమ్మ జోగతి ఆ రాష్ట్ర జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు, 2021లో పద్మశ్రీ తీసుకున్నారు.

ఒక్క ప్రదర్శనతో ఆపకండి, కనీసం రెండు పెట్టుకోండి. మొదటిది ఇంటివాళ్లకు, తెలిసినవాళ్లకు. రెండోదానికి వారం ముందు మళ్లీ చీటీలు రాయించండి. మొదటిసారి ఉత్తరగా బొమ్మలకు రంగుబట్టలు అడిగిన పిల్ల ఈసారి ఉత్తరుడు రాయవచ్చు, కంకుభట్టు వేసినవాళ్లు సైరంధ్రి రాయవచ్చు. పద్యాలు అందరికీ నోటికి వచ్చే ఉంటాయి కనుక ఆరు రిహార్సళ్లు సరిపోతాయి.